పోటు వేళ

"ఉప్పు బస్తాల మీద కాలెత్తాయంటే రెండిటినీ కాలవలోకి తోసేస్తా," అన్నాడు పడవ అంకయ్య. "ఆ ఉప్పు మద్రాసులో పెద్ద పెద్దోళ్ళు తింటారు."

కుక్కలు రెండూ అతన్ని చూసి గుర్రుమన్నాయి. అతని ఒంటి చేపల వాసన వాటికి పడలేదు. ప్రేమకుమారి గొలుసులు లాగి, పేరు పెట్టి కసరబోయి నాలుక కరుచుకుంది.

పేర్లు ఎత్తొద్దని ఎర్రగుంట్లలో రైలెక్కేటప్పుడే మొగుడు పౌలు ఆమెకు చెప్పాడు. "కుక్కలకు కలెక్టరు, మున్సబు అని పేర్లు పెట్టినోళ్ళు పులివెందుల తాలూకాలో మనమొక్కరమే. యాడన్నా నోరు జారితివా, మనమెవరో తెలిసిపోతాది."

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు అది. వాళ్ళ ఊళ్ళో ఒక పెద్ద రైతును పట్టపగలు చేలో పొడిచి చంపారు. చూసినవాడు పౌలు ఒక్కడే. "ఎన్ని పోట్లు?" అని ఇన్‌స్పెక్టరు అడిగితే "మూడు పోట్లు సార్" అని చెప్పాడు. ఆ మాట కడప కోర్టులో మళ్ళీ చెప్పడానికి అతను మిగలకూడదని అవతలి వర్గం పంతం పట్టింది. విచారణ దాకా సముద్రం ఒడ్డున ప్రేమకుమారి అక్క ఇంట్లో తలదాచుకుందామని మొగుడూ పెళ్ళాం బకింగ్‌హాం కాలువలో ఈ ఉప్పు పడవ ఎక్కారు. కుక్కలను ఎవరికన్నా ఇచ్చి రమ్మంటే పౌలు వినలేదు. తనకు కునుకు పట్టేది వాటి నమ్మకం మీదేనన్నాడు.

ఆమెకు ఆ నమ్మకం ఈ మధ్య సడలింది. నెల రోజులుగా కుక్కలు సంకటి ముట్టడం లేదు. ఊళ్ళో తమ తోట కంచె అవతల ఎవరో వాటిని మేపుతున్నారని ఆమె అనుమానం. "కుందేళ్ళను పట్టుకుంటాండాయిలే మే," అని పౌలు కొట్టిపారేశాడు.

పడవలో ఇంకొక ప్రయాణికుడు ఉన్నాడు. పేరు బాలసుబ్బయ్య, ప్రొద్దుటూరులో బట్టల వ్యాపారమట. "నెలకోసారి ఈ కాలవలోనే మద్రాసు పోతాంటానప్పా. పులివెందుల పక్క మాత్రం ఈ జన్మలో పోలేదు," అన్నాడు, ఎవరూ అడగకుండానే.

కుక్కలు అతని కాళ్ళ దగ్గర చేరి తోకలూపాయి. పౌలు మొహం విప్పారింది.

"చూస్తివా మే, మన సీమ మనిషిని వాసన పట్టినాయి!"

"సీమ వాసన కాదప్పా, నా సంచి వాసన," అని బాలసుబ్బయ్య నవ్వి, ఎండుమాంసం ముక్కలు తీసి వాటికి విసిరాడు.

మధ్యాహ్నం తిరిగేసరికి కాలువలో నీళ్ళు తగ్గిపోయి పడవ బురదలో కూరుకుంది. రెండు పక్కలా సరుగుడు తోపులు. కనుచూపు మేరలో ఇల్లన్నది లేదు. నీళ్ళ కుండ కోసం వెనక్కి వెళ్ళిన పౌలు మొహం పాలిపోయి తిరిగొచ్చాడు.

"మే, వీళ్ళు మనల్ని పొడుస్తారు."

"ఏందయ్యా ఆ మాటలు?"

"నా చెవులతో వింటి. అంకయ్య వాని బామ్మర్దితో అంటాండాడు. 'పొద్దు గుంకేలోపల ఇక్కడే పోటు. ఒక్క పోటు చాలు, ఇంక మనం చేసే పనేముంది' అని. 'వాళ్ళకు చెప్పొద్దా' అని వాడడిగితే, 'చెప్పేదేంది, తగిలినప్పుడు వాళ్ళకే తెలుస్తుంది' అన్నాడు."

బాలసుబ్బయ్య దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "నాకూ వినపడిందప్పా. నువ్వు బెదురుకుంటావని ఊరకుంటిని. దిగిపోదాం. ఆ తోపు దాటితే పల్లె ఉండాది. నువ్వూ నేనూ పోయి తోవ చూసొస్తాం. ఈ అక్కను ఆనక దింపుదాం."

పౌలు ఒక కుక్క గొలుసు విప్పి, మోకాటి లోతు బురదలో దిగి, వెనక్కి చూడకుండా గట్టెక్కాడు. కుక్క పడవ అంచున తటపటాయించింది. బాలసుబ్బయ్య బురదలోంచి చిటిక వేశాడు.

"రా కలెక్టరూ, దిగు!"

కలెక్టరు ఎగిరి దూకింది. మనుషులిద్దరూ, కుక్కా చెట్ల మధ్యకు పోయారు.

ఆ పేరు పౌలే పిలిచాడేమోనని ప్రేమకుమారికి ఒక్క క్షణం అనిపించింది. కానీ పౌలు అప్పటికే తోపు మొదట్లో ఉన్నాడు. ఆమె లేచి నేరుగా అంకయ్య ముందుకెళ్ళి నిలబడింది.

"ఏందన్నా నీ పోటు? మమ్మల్ని పొడిచి యాడ పారేస్తావు?"

అంకయ్య నోరు తెరిచాడు. "పొడవడమేందమ్మా! సముద్రం పొంగి కాలవలోకి నీళ్ళొస్తే పోటు, తీస్తే పాటు. ఇప్పుడు పాటు, అందుకే దిగబడ్డాం. పోటొస్తే పడవ దానంతటదే లేస్తుంది." తోపు వైపు చూసి నొసలు చిట్లించాడు. "ప్రతి నెలా వస్తానన్నాడే ఆ బట్టలాయన. ఆయనకు తెలీదా ఈ మాట?"

తెలుసు. పోటంటే ఏమిటో తెలుసు, కుక్క పేరు తెలుసు, తోట కంచె ఎక్కడుందో తెలుసు. నెల రోజులు ముట్టని సంకటి ముద్దలన్నీ ప్రేమకుమారి కళ్ళ ముందు తిరిగాయి.

"ఏమయ్యో! వెనక్కి రా! వాడు మనోడు కాదయ్యో!"

సముద్రం గాలి ఎదురు కొడుతోంది. ఆమె కేక గట్టు దాటలేదు. అంకయ్య బామ్మర్ది గడకర్ర పట్టుకుని దూకాడు. అంతకుముందు మోకాటి లోతు బురదున్న చోట ఇప్పుడు నీళ్ళు అతని నడుముకొచ్చాయి. ఆమె కూడా దూకబోతే అంకయ్య రెక్క పట్టి ఆపాడు. పక్కన మున్సబు గొలుసు తెంచుకునేలా తోపు వైపు గుంజుతోంది. గుర్రుమనడం లేదు. దాని తోక ఊగుతూనే ఉంది.

బామ్మర్ది ఇంకా గట్టెక్కనే లేదు, తోపులోంచి కలెక్టరు ఒక్కటే బయటికొచ్చింది. నోట్లో ఎండుమాంసం ముక్క. ముందు కాళ్ళు ఎర్రగా తడిసి ఉన్నాయి. నీళ్ళ అంచున నిలబడి, ప్రేమకుమారిని చూసి తోకాడించింది.

ఆమె కాళ్ళ కింద పడవ కదిలింది.

"పోటమ్మా," అన్నాడు అంకయ్య, ఆమె రెక్క వదలకుండానే.