నోటిదాకా వచ్చిన ప్రార్థన

రాబోయే ఆదివారాలన్నీ శోధనల గురించే మాట్లాడతానని పాస్టరుగారు ప్రకటించగానే టైలరమ్మకు జాలివేసింది. తన మీద కాదు, చుట్టూ కూర్చున్నవాళ్ళ మీద. ఈ ప్రసంగాలు ఎవరికి ఎక్కడ తగులుతాయో మెడ తిప్పకుండానే అంచనా వేసింది. ముందు వరుసలో ఉన్న పళ్ళ డాక్టరుకు మందు దగ్గర తగులుతుంది. కిటికీ పక్కన కూర్చున్న స్థలాల బ్రోకరుకు అబద్ధాల దగ్గర. పాపం, వాళ్ళిద్దరూ ఇంకా ఏమీ ఎరగనట్టు పాటల పుస్తకాలు తిప్పుకుంటున్నారు.

తన సంగతంటారా, మందు వాసనకే ఆవిడకు కడుపులో తిప్పుతుంది. పేకముక్కల్లో రాజెవరో జాకీ ఎవరో తెలియదు. పరాయి మగవాడి మాట దేవుడెరుగు, బస్సు డ్రైవరైన సొంత మొగుడితోనే వేగలేక చస్తోంది. సాతాను తన గుమ్మం దాకా వచ్చి, ఇక్కడ బేరం కుదరదని వెనక్కి వెళ్ళిపోయి చాలా కాలమైందని ఆవిడ గట్టి నమ్మకం.

ఆ నమ్మకానికి ఎసరు పెట్టింది పాటలబృందం గౌన్లు.

సంఘ వార్షికోత్సవానికి పాటలబృందం అందరికీ ఒకే రంగు గౌన్లు కావాలన్నారు. కొలతలు తీసుకుని, కత్తిరించి, చాలావరకు కుట్టేసింది కూడా. ఒక సాయంత్రం, వీధి గదిలో మిషను ముందు కూర్చుని కాలర్లు తిప్పుతుంటే కోకిలమ్మగారి అమ్మాయి వచ్చింది. కోకిలమ్మంటే పాటలబృందం నాయకురాలు. గొంతు బాగుంటుందని పెట్టిన పేరు అది. మనిషికి మాత్రం ఏ పిట్ట పేరు సరిపోతుందో టైలరమ్మ చాలాసార్లు ఆలోచించింది కానీ, ప్రపంచంలో అంత గర్వమున్న పిట్ట తగల్లేదు.

"ఆంటీ, నా గౌను నడుము దగ్గర కొంచెం వదులు చెయ్యాలి," అంది అమ్మాయి గుమ్మంలోనే నిలబడి.

"మొన్ననేగా కొలిచాను, అప్పుడే బిగువయ్యిందా? రా, చూద్దాం."

టేపు చుట్టగానే చేతికి అర్థమైంది. ముప్పై ఏళ్ళుగా ఊరందరి నడుములూ కొలిచిన చెయ్యి అది. తిండికి పెరిగిన నడుము ఒకలా ఉంటుంది, ఇది అలా లేదు. పైగా అమ్మాయి ఊపిరి బిగబట్టి, గోడమీది క్యాలెండరు వైపు చూస్తూ నిలబడింది. ఆ క్యాలెండరులో చూడటానికేమీ లేదు, అది పోయినేడాదిది.

టైలరమ్మ టేపు తీయబోతే అమ్మాయి దాని కొస పట్టుకుంది.

"అమ్మకి చెప్పకండి ఆంటీ. నేనే చెప్తాను. కొంచెం టైము కావాలి."

"అయ్యో, నేనెందుకు చెప్తానే తల్లీ! ఒట్టు, మీ అమ్మకి చెప్పను," అంది టైలరమ్మ.

అన్నమాట నిలబెట్టుకునే మనిషే ఆవిడ. వాళ్ళమ్మకు చెప్పనని ఒట్టేసింది. మిగతా సంఘానికి చెప్పనని ఎవరికీ ఒట్టు వేయలేదు.

ఇక్కడ కోకిలమ్మకూ ఈవిడకూ మధ్యనున్న పాత గాయం గురించి చెప్పాలి. సంఘంలో ప్రతి బుధవారం ఆడవాళ్ళ ప్రార్థన కూడిక జరుగుతుంది. మొదట టీ, తర్వాత ప్రార్థన అంశాలు, చివర ప్రార్థన. ఈ అంశాలనేవి గొప్ప ఏర్పాటు. వీధిలో చెబితే చాడీ అయ్యే మాట, అక్కడ కళ్ళు మూసుకుని చెబితే భారం అవుతుంది. ఎవరి సంసారంలో ఏం ఉడుకుతోందో తెలియాలంటే కిటికీల దగ్గర నక్కక్కర్లేదు, బుధవారం కూడికకు వెళితే చాలు. అలాంటి ఒక బుధవారం, టైలరమ్మ కొడుకు రెండో ఉద్యోగం కూడా మానేసి ఇంటికొచ్చిన కొత్తలో, కోకిలమ్మ చేతులెత్తి శ్రావ్యంగా ప్రార్థించింది: "ప్రభువా, మా టైలరక్క కొడుకుని పట్టుకున్న సోమరితనపు దయ్యాన్ని గద్దించు తండ్రీ!"

అందరూ ఆమెన్ అన్నారు. టైలరమ్మ కూడా అంది, అనకపోతే దయ్యం వైపు మాట్లాడినట్టుంటుందని. ఆ తర్వాత కొన్నాళ్ళు ఎదురుపడ్డవాళ్ళల్లా "అబ్బాయికెలా ఉందక్కా?" అని జ్వరం సంగతి అడిగినట్టు అడిగారు. కొడుకు చెవినీ పడింది. వాడు మరుసటి ఆదివారం నుంచి గుడికి రావడం మానేశాడు. ఆ బాధ ఆవిడ గుండెల్లో గుచ్చుకుని అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు దేవుడే దారి చూపించాడనిపించింది. రేపే బుధవారం.

మిషను తొక్కుతూనే ప్రార్థన కట్టుకోవడం మొదలుపెట్టింది. "ప్రభువా, మా మధ్య ఒక పెద్ద కుటుంబం ఉంది..." కాదు, మరీ దూరంగా ఉంది. "ప్రభువా, నీ పాటలు పాడే ఒక ఇంటిలో..." ఇది బాగుంది. పేరు చెప్పక్కర్లేదు, పాడే ఇళ్ళు ఎన్నున్నాయి గనక. "ఆ తల్లికి తెలియకుండానే తండ్రీ, ఆ బిడ్డ..." ఇక్కడ కొంచెం ఆగాలి. గొంతు బొంగురుపోవాలి. ఏడుపు రాకపోయినా ఫరవాలేదు, ముక్కు ఎగబీలిస్తే చాలు.

"ఎవరితో మాట్లాడుతున్నావే?" అన్నాడు మొగుడు, డ్యూటీ దిగొచ్చి చెప్పులు విడుస్తూ.

"దేవుడితో."

"మరి ఆయన్ని ఆగమని, మళ్ళీ మొదట్నుంచి చెప్తున్నావేంటి? ఆయనకి ఒకసారి చెప్తే అర్థం కాదా?"

"మీకు తెలియని విషయాల్లో తలదూర్చకండి," అని కసిరింది.

ఆయన భుజాలెగరేసి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి, ఎక్కడ హారన్ కొట్టాలో ఎక్కడ ఊరుకోవాలో తెలుసు.

బుధవారం పొద్దున్న టైలరమ్మ చాలా హుషారుగా ఉంది. పెండింగులో ఉన్న చొక్కాలు రెండు టకటకా ముగించింది. ఏదో కూనిరాగం కూడా తీసింది. మధ్యాహ్నానికే బీరువా తెరిచి, ఆదివారాల్లో వేసుకునే బట్టలు తీసి, ఇస్త్రీ పెట్టె వేడి చేసింది. ముడత మీద పెట్టె ఆనించబోతూ చెయ్యి ఆగిపోయింది.

బుధవారం కూడికకు ఎప్పుడూ ఇంట్లో బట్టలతోనే వెళ్తుంది. ఈరోజు ఇస్త్రీ ఎందుకు?

ఒక పెళ్ళికాని పిల్ల కష్టంలో ఉంది. ఆ పిల్ల కోసం గుండె బరువెక్కిందని చెప్పడానికి వెళుతోంది. గుండె బరువెక్కిన మనిషి కూనిరాగాలు తీస్తుందా? తన తమ్ముడు ఆస్పత్రిలో ఉన్నప్పుడు నిజంగానే బరువెక్కింది. అప్పుడు తల దువ్వుకోవడం కూడా మర్చిపోయింది. ఈరోజు మాత్రం పండక్కి ముస్తాబైనట్టు ముస్తాబవుతోంది.

ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి కుర్చీలో కూలబడింది. ప్రార్థనలో ఎక్కడ ఆగాలో, ఎక్కడ ముక్కు ఎగబీల్చాలో అనుకున్నది గుర్తొచ్చింది. ఆగుతాను అనుకున్న చోట కళ్ళు తెరిచి కోకిలమ్మ ముఖం చూద్దామనుకున్న సంగతీ గుర్తొచ్చింది. దేవుడి కోసమైతే కళ్ళు తెరవడం ఎందుకు?

"ఓరి నీ దుంప తెగ," అనుకుంది. ఎవరిని తిట్టిందో ఆవిడకే తెలియలేదు.

బేరం కుదరదని వెళ్ళిపోయాడనుకున్న వాడు అసలు వెళ్ళనే లేదు. సారా సీసా తెచ్చుంటే గుమ్మంలోనే గుర్తుపట్టి చీపురు తిరగేసేది. వాడు బైబిలు చంకలో పెట్టుకుని, ఎదురుగా కూర్చుని, వాక్యాలు అందిస్తున్నాడు. ఆవిడకు మొదటిసారి పళ్ళ డాక్టరు మీద గౌరవం కలిగింది. ఆయన శోధన, పాపం, సీసాలో ఉంటుంది, సీసా కనిపిస్తుంది.

వెళ్ళడం మానేద్దామా అనుకుంది. మానేస్తే ఎందుకు రాలేదని అందరూ ఇంటికే వస్తారు. సరే, వెళ్ళి నోరు మూసుకుని వద్దామని మామూలు బట్టలతోనే బయల్దేరింది.

నోరు మూసుకోవడమంటే ఎంత కష్టమో అక్కడికెళ్ళాక తెలిసింది. టీ అయింది. రేడియో వదిన కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఆమెది ఆ సంఘంలో ఏ పదవీ కాదు, కానీ ఆమె దాకా రాని వార్త వార్తే కాదు.

"చెప్పండమ్మా, ఎవరికేం భారముంది?" అంది ఆశగా అందరి ముఖాలూ చూస్తూ.

కోకిలమ్మే మొదలుపెట్టింది. "మన టైలరక్క అబ్బాయి ఇంకా గుడికి రావట్లేదు. నాకు చాలా బాధగా ఉంది. పెంపకం సరిగ్గా ఉంటే పిల్లలు దారి తప్పరని నేనెప్పుడూ..."

టైలరమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. పెంపకమట! కట్టుకున్న ప్రార్థనంతా, ఆగాల్సిన చోట్లతో సహా, నాలుక చివరికి వచ్చి నిలబడింది. పెదాలు విడిపోయాయి. నోట్లో నువ్వుగింజ నానని మనిషి నోట్లో ఏకంగా ఒక కుండ బద్దలవడానికి సిద్ధంగా ఉంది.

ఎదురుగా బల్ల మీద బిస్కెట్ల పళ్ళెం ఉంది. ఆవిడ చెయ్యి చాచి, రెండు బిస్కెట్లు ఒకేసారి నోట్లో కుక్కుకుంది. అవి కరగకముందే ఇంకోటి. శోధనను ఉపవాసంతో జయించిన భక్తుల గురించి పాస్టరుగారు చాలాసార్లు చెప్పారు. తిని జయించినవాళ్ళ గురించి ఎప్పుడూ చెప్పలేదు.

"ఏమైంది వదినా, ఆకలా?" అంది రేడియో.

తల ఊపింది. బిస్కెట్టు గొంతుకడ్డం పడి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. నీళ్ళు తాగి, ఊపిరి తిప్పుకుని, అందరూ తనవైపే చూస్తుంటే తప్పనిసరై అంది: "నా కోసం ప్రార్థన చెయ్యండి. నా నోటి కోసం."

అంతే, గదంతా ముందుకు వంగింది. నోటి కోసం ప్రార్థన అడిగిందంటే ఆ నోట్లో ఏదో ఉన్నట్టే కదా! రేడియో వదిన ఇంటిదాకా వెంటబడింది. "నాకొక్కదానికే చెప్పు, గోడక్కూడా చెప్పను," అంది. ఆ వారమంతా కుట్టుపని లేనివాళ్ళు కూడా గుండీలు ఊడాయంటూ వచ్చి కూర్చున్నారు. టైలరమ్మ గుండీలు కుట్టిచ్చింది. ఒక్కోరోజు సాయంత్రానికి, చెప్పకుండా దాచుకున్న మాట కడుపులో బండలా ఉండేది. ఒకసారి సగం వాక్యం జారిపోయింది కూడా. "పాపం ఆ పిల్ల..." అనేసింది. "ఏ పిల్ల?" అని రేడియో లేచి నిలబడింది. "మా చెల్లెలి పిల్ల, పళ్ళు వస్తున్నాయి," అంది. అబద్ధం. ఒక గుంట తప్పించుకోబోయి ఇంకో గుంటలో కాలు పెట్టినందుకు రోజంతా తనను తాను తిట్టుకుంది.

చివరకు ఒక మధ్యాహ్నం కోకిలమ్మే వచ్చింది. ఎప్పుడూ నిటారుగా ఉండే మనిషి, స్టూలు మీద ముడుచుకుని కూర్చుంది. ముఖం పీక్కుపోయింది.

"అమ్మాయి నిన్న చెప్పింది," అంది. "నీకు ముందే తెలుసటగా."

"కొలతలే తెలుసు."

"ఎవరికైనా..."

"లేదు."

కోకిలమ్మ నమ్మలేనట్టు చూసింది. "నువ్వు చెప్పలేదా? నేనైతే..." అని ఆగి, తల దించుకుంది. ఆ ఆగడం అనుకుని ఆగింది కాదు. క్షమించమని అడగలేదు. టైలరమ్మ కొడుకు ఊసు ఎత్తలేదు. "ఆ అబ్బాయి మంచివాడే. వేరే ఊళ్ళో ఉద్యోగం. వస్తానన్నాడు. కానీ అందరూ ఏమనుకుంటారో అక్కా..." అంటూ ఏడ్చింది. పాటలో ఉండే శ్రావ్యత ఏడుపులో లేదు. అందరి ఏడుపులాగే ఉంది.

టైలరమ్మకు ఓదార్చడం చేతకాలేదు. నా కొడుకు విషయంలో నీకిది గుర్తుందా అని అడగాలని గొంతుదాకా వచ్చింది. అడగలేదు. లోపలికి వెళ్ళి టీ పెట్టుకొచ్చింది. ఇద్దరూ తాగారు. ఆ తర్వాత కోకిలమ్మ చెయ్యి పట్టుకుని, "దేవా, ఆ పిల్లని చూసుకో," అంది. ఇంకేమీ తోచలేదు. ఆవిడ జీవితంలో అంత పొట్టి ప్రార్థన చేసి ఎరగదు.

ఆ అబ్బాయి అన్నమాట ప్రకారం వచ్చాడు. ఇరవైమంది కూడా లేకుండా, ఒక మామూలు రోజు ఉదయం పెళ్ళి జరిగిపోయింది. సంఘం కొన్నాళ్ళు గుసగుసలాడింది. రేడియో వదినకు మాత్రం ఆ వార్త అందరితోపాటే తెలిసినందుకు పరువు పోయినంత పనయింది. టైలరమ్మ కొడుకు గుడికి రాలేదు, ఇంకా రావడంలేదు. కానీ పెళ్ళిరోజు కోకిలమ్మ వాళ్ళింట్లో కుర్చీలు సర్దడానికి వెళ్ళాడు. ఎందుకు వెళ్ళావని తల్లి అడగలేదు.

ఆ తర్వాతి ఆదివారం, ప్రసంగాల చివరి రోజు, పాస్టరుగారు పుస్తకం మూసి అడిగారు: "ఈ రోజుల్లో ఎవరైనా ఒక శోధనను జయించారా? లేచి సాక్ష్యం చెప్పండి, అందరికీ మేలు కలుగుతుంది."

టైలరమ్మ పాటల పుస్తకం పక్కన పెట్టింది. జయించిందిగా! ఈ గుడిలో అంత కష్టపడి జయించినవాళ్ళు ఇంకెవరున్నారు? రేడియో వదిన వింటుంది. కోకిలమ్మ వింటుంది. పేర్లు చెప్పక్కర్లేదు, "ఒక ఇంటి రహస్యం" అంటే చాలు. దేవుడికి మహిమ కూడా కలుగుతుంది. ఆవిడ ముందు బెంచీ పట్టుకుని సగం లేచింది. అందరి తలలూ ఇటు తిరిగాయి.

"ఏంటే?" అన్నాడు పక్కనున్న మొగుడు మెల్లిగా.

"మోకాలు పట్టేసింది," అని మళ్ళీ కూర్చుంది.