టేపులో మేళం

రాయకోట అంకప్ప నాగస్వరం పట్టుకుంటే పెండ్లి సగం అయిపోయినట్టే అని ఆ చుట్టుపక్కల పేరు. అలాంటి మనిషి పెండ్లి రెండు రోజులుందనగా మెట్ల మీద జారి ముందుపళ్ళు ఊడగొట్టుకున్నాడు. పళ్ళు లేనిదే నాగస్వరం పీక నోట్లో నిలవదు, ఊదితే గాలి తప్ప రాగం రాదు. ఇంకొకరిని పంపుదామా అంటే, ఆ పెండ్లి హోసూరు బట్టలంగడి జయరామయ్య కూతురు హేమావతిది. "నీ పెండ్లికి నేనే ఊదుతాను పాపా" అని ఆమె చిన్నప్పుడే మాటిచ్చి ఉన్నాడు. ఆ మాట తప్పడం అతనికి చావుతో సమానం.

"పోయినేడు కృష్ణగిరి పెండ్లిలో నీ పాట టేపు చేసినారు కదా, బావా," అన్నాడు డోలు వాయించే బామ్మర్ది చెన్నప్ప. "టేప్‌రికార్డరు నా డోలు గుడ్డ కింద పెడతాను. నువ్వు ఊరికే బుగ్గలు పూరించు. అదీ నువ్వు ఊదిందే కదా."

అంకప్పకి మనసొప్పలేదు. కానీ గతిలేనమ్మకు గంజే పానకం.

పెండ్లిలో టేపు భేషుగ్గా పాడింది. మగపెండ్లివాళ్ళు తలలూపి మెచ్చుకుంటుంటే అంకప్పకి పోయినేటి అంకప్ప మీద కడుపు మండింది. ముందు వరుసలో కూర్చున్న హేమావతి అవ్వ వాసవాంబ మాత్రం తల ఊపలేదు. ఆమె చూపు తగిలినప్పుడల్లా అతను బుగ్గలు ఇంకాస్త ఉబ్బించాడు.

తాళి కట్టే వేళయింది. ఆ క్షణాన తుమ్మూ ఏడుపూ ఏదీ వినబడకూడదని గట్టిమేళం వాయిస్తారు. పురోహితుడి చెయ్యి లేవగానే అందుకోవాలి. చెయ్యి లేచింది, చెన్నప్ప డోలు దడదడలాడింది. టేపుకి కళ్ళెక్కడివి? అది తీరిగ్గా ఆలాపన సాగదీస్తూనే ఉంది. వెనకాల ఎవరో తుమ్మబోయి ముక్కు పట్టుకున్నారు.

అంకప్ప అన్నీ మరిచిపోయి నిజంగానే ఊదేశాడు. సగం గాలీ సగం కీచూ అయిన కూత ఒకటి మంటపమంతా లేచింది. తాళి పడింది. తుమ్మూ వచ్చే ఉంటుంది గానీ ఎవరికీ వినబడలేదు.

డోలు ఆగింది. అంకప్ప నాగస్వరం దించాడు. గుడ్డ కింద పాట మాత్రం ఆగలేదు. జనమంతా అతని బోసినోటి వంక చూశారు. అతనికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

వాసవాంబ లేచి వచ్చి గుడ్డ ఎత్తి చూసింది. "ఇంతసేపూ ఎవురి పెండ్లికో ఊదినావు, అంకప్పా. మా హేమకి ఇప్పుడే కదా ఊదింది. ఆ పెట్టె ఆపమను."

పెండ్లికూతురు నవ్వు ఆపుకోలేకపోయింది. "ఇంగోసారి ఊదమను, అవ్వా."

అంకప్ప కళ్ళు తుడుచుకుని ఊదాడు. ఈసారి ఇంకా ఘోరంగా వచ్చింది. వాసవాంబ తల ఊపింది.