పార గుర్తులు

ఆ పుస్తకం చేసింది నేనే కాబట్టి, తిట్టుకోవాల్సింది కూడా నన్ను నేనే. ఎనిమిదో తరగతి పిల్లలకి మన తీరం చరిత్ర చెప్పే పన్నెండు పేజీలు. మీ ఇంట్లో తప్ప ఇంకెక్కడా దొరకని సంగతి ఒకటి రాసుకురండర్రా అని చెప్పాను. అనూరాధ రాసుకొచ్చింది. సముద్రం అడుగున చేపలు చేరే రాతినేలని చేపల వేటకెళ్లేవాళ్లు పార అంటారు. ఏ కొండ వెనక ఏ కొండ కనిపిస్తే తాత జగ్గయ్య బోటు ఆపి వల వేస్తాడో బొమ్మతో సహా రాసింది. నేను ఎగిరి గంతేసి, దాన్ని మ్యాప్‌గా వేయించి, మూడు రోజుల కిందట జిల్లా టీచర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను.

ఇవాళ మధ్యాహ్నం అన్నాల గంటకి అనూరాధ స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడింది.

"మేడమ్, ఆ పేజీ తీసీండి. తాతకి తెలిత్తే నన్ను సంపేత్తాడు."

"నువ్వే కదే రాసిచ్చావు?"

"మీరొక్కరే సూత్తారనుకున్నాను. ఆ పార మా తాతకి తప్ప ఎవులికీ తెల్దు మేడమ్. నాకు సెప్పినప్పుడు గంగమ్మ తల్లి మీద ఒట్టేయించుకున్నాడు."

దాందేముందిలే అనబోయి ఆగిపోయాను. పెద్ద బోట్లవాళ్లకి ఆ గుర్తులు అందితే అక్కడి చేపలన్నీ వారంలో ఊడ్చేస్తారు. ఆ ఇల్లు నడిచేదే ముసలాయన చిన్న బోటు మీద. గ్రూపులోంచి తీసేద్దామని ఫోన్ తీశాను. చెరిపేసే గడువు దాటిపోయింది. కింద నాగబాబు మాస్టారి మెసేజ్: "సూపర్ మేడమ్! హార్బర్లో మా బావకి బోటుంది, వాడికీ పంపాను."

పైగా మూడింటికి జగ్గయ్యే బడికొస్తున్నాడు. శాలువా కప్పుదామని హెడ్మాస్టర్‌ని పోరి పిలిపించింది ఎవరు? నేనే. స్టీల్ ప్లాంట్ ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఇంటి పిల్లని. సముద్రం గురించి నాకు తెలిసిందల్లా బీచ్‌లో మొక్కజొన్న పొత్తు. ఆ తెలివితో చరిత్ర రాశాను మరి!

జగ్గయ్య ఉతికిన తెల్ల చొక్కాతో వచ్చాడు. శాలువా కప్పించుకుని, ఫొటో దిగి, నా దగ్గరికొచ్చి కూచున్నాడు.

"నా పేరేసినారంట కదమ్మా. ఏటి రాసినారో సదివి ఇనిపించు."

ఆయనకి చదువు రాదు. ఏదో కల్పించి చెప్పేయొచ్చు. అనూరాధ గోడకి అతుక్కుపోయి నన్నే చూస్తోంది. అయినా ఉన్నదున్నట్టు చదివేశాను, రెండు కొండల పేర్లతో సహా.

ఆయన నవ్వు ఆగిపోయింది. "ఇది ఎవులు సెప్పినారు?"

"నానే తాతా," అంది పిల్ల. వినపడీ వినపడనట్టు.

కొడతాడేమోనని నేను లేచి అడ్డం నిలబడ్డాను. జగ్గయ్య మాత్రం పకపకా నవ్వాడు.

"అక్కడ పారా నేదు, పాడూ నేదు. అడుగున ములిగిపోయిన పాత బోటుంది, వలేత్తే సిరిగిపోద్ది. పిల్లవి కదా, ఎక్కడో నోరు జారతావని తప్పు గుర్తులు సెప్పీసినాను."

నాకు ప్రాణం లేచొచ్చింది. నాగబాబు గారి బావ వల సంగతి తలుచుకుని మళ్లీ కూచుండిపోయాను. అనూరాధ మాత్రం నవ్వలేదు.

"ఒట్టేయించుకుని మరీ అబద్ధం సెప్పినావా తాతా?"

జగ్గయ్య శాలువా సర్దుకున్నాడు.

"మరి నిజం ఎవులికి సెప్పినావు?" అంది అనూరాధ.

"మీ నాన్నకి సెప్దామనుకున్నాను..."

"నాన్న పరవాడ మందుల కంపెనీలో పనికి ఎల్లిపోయి ఏడేళ్లయింది కదా. ఎవులికి సెప్పినావు?"

ఆయన నన్ను చూశాడు, పుస్తకాన్ని చూశాడు. మధ్యాహ్నం నుంచీ నేను పడ్డ భయమే ఆయన మొహంలో కనపడింది.

"ఎవులికీ సెప్పనేదు. నాను పోతే ఆ గుర్తులూ పోతాయి," అన్నాడు. మనవరాలి వైపు తిరిగి, "ఆదోరం బోటెక్కుతావేటే?" అని అడిగాడు.

వాళ్లలో ఆడపిల్లలు వేటకి వెళ్లరు. అనూరాధ బిత్తరపోయింది.

"నాకు బయమేత్తంది తాతా."

"నాకూ బయమేనే. ఎక్కు."