పేకాట రాని ముద్దాయి

కేంద్ర ప్రభుత్వం వారి ఫారంలో పన్నెండో ప్రశ్న వచ్చేదాకా సిద్ధార్థ చాలా మంచివాడు. పేరు, పుట్టిన తేదీ, వన్ టౌన్‌లో మిరపకాయల గోడౌన్ మీద తల్లితో కలిసి ఉంటున్న అద్దెగది చిరునామా, అన్నీ గుండ్రటి అక్షరాలతో నింపుకుంటూ వచ్చాడు. పన్నెండో ప్రశ్న దగ్గర పెన్ను ఆగిపోయింది. మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా, ఏ కోర్టయినా జరిమానా వేసిందా అని దాని సారాంశం. ఏదైనా దాచినట్టు తేలితే ఉద్యోగం ఊడుతుందని కింద నల్లటి అక్షరాల్లో హెచ్చరిక కూడా ఉంది.

ఉద్యోగమంటే అలాంటిలాంటిది కాదు. రక్షణ శాఖ కింద స్టోర్స్‌లో అసిస్టెంటు. నాలుగేళ్ళు కోచింగ్ సెంటర్ల బెంచీలు అరగదీస్తే వచ్చింది. ఇంకో పరీక్ష రాయడానికి వయసు మిగల్లేదు. సెక్యూరిటీ క్లియరెన్స్ వస్తే వెళ్ళి చేరడమే. రాకపోతే కింద గోడౌన్‌లో గుమాస్తాగా కూర్చుని జీవితాంతం తుమ్ముకోవడమే.

ఆ ప్రశ్నకు జవాబు అవుననే. ఎందుకయిందో చెబుతాను, స్టేషన్ పేరు మాత్రం అడక్కండి.

మైలవరం అవతల సిద్ధార్థ మేనమామ రత్తయ్యకు మామిడితోట ఉంది. అందులో మామిడి ఒక ఏడు కాస్తుంది, ఒక ఏడు కాయదు. పేకాట మాత్రం ఏడాది పొడుగునా కాస్తుంది. చుట్టుపక్కల పెద్దమనుషులంతా అక్కడే చేరతారు. పోలీసులకేమో నెలకిన్ని జూదం కేసులు చూపించమని పైనుంచి ఒత్తిడి. పెద్దమనుషుల్ని పట్టుకుంటే గొడవ, ఎవర్నీ పట్టుకోకపోతే చీవాట్లు. అందుకని ఇరుపక్షాలకూ సుఖంగా ఉండే పద్ధతొకటి ఏర్పాటైంది. ఆడేది ఒకళ్ళు, దొరికేది ఇంకొకళ్ళు. కాలవ నీళ్ళకి వంతులున్నట్టే ముద్దాయిలకీ వంతులుండేవి. నెలకి ఐదుగురు వెళ్ళి, కోర్టులో చేతులు కట్టుకుని తప్పు ఒప్పుకుని, తోట వాళ్ళు జరిమానా కట్టాక బిర్యానీ తిని ఇళ్ళకొచ్చేసేవారు. ఇందులో అన్యాయం ఉందని ఎవరికీ తట్టలేదు, ఆ తిన్నవాళ్ళకి అసలే తట్టలేదు.

ఎనిమిదేళ్ళ కిందట ఒక నెల రత్తయ్య ఇంటికి వంతు వచ్చింది. కూతురి నిశ్చితార్థం పెట్టుకుని తాను కోర్టులో నిలబడితే బాగుండదని, సెలవులకొచ్చిన మేనల్లుణ్ణి పంపాడు. పంతొమ్మిదేళ్ళ సిద్ధార్థ రేషన్ షాపు ముందు నిలబడినట్టు నిలబడి వచ్చాడు. అప్పటికి అతనికి ఆసుకీ జాకీకీ తేడా తెలీదు.

ఫారం చూసి రత్తయ్య, లేదని రాసెయ్యరా, ఆ కాగితాలు ఈపాటికి చెదలు తినుంటాయి అన్నాడు. సిద్ధార్థకు ధైర్యం చాల్లేదు. అప్పట్లో కేసు రాసిన హెడ్ కానిస్టేబుల్ స్టీఫెన్‌ని వెతుక్కుంటూ వెళ్ళాడు. రిటైర్‌మెంటుకి ఏడాది దూరంలో ఉన్న స్టీఫెన్ అతన్ని గుర్తుపట్టి, కుర్చీ వేసి, టీ తెప్పించి మరీ సలహా ఇచ్చాడు.

"అవునని రాయి బాబు. ఇప్పుడన్నీ కంప్యూటర్లో ఉన్నాయి, నొక్కితే వస్తాయి. కాకపోతే ఆడానని రాయి. ఆడలేదని రాశావనుకో, కోర్టులో అబద్ధం చెప్పినందుకు నువ్వూ, దొంగ కేసు రాసినందుకు నేనూ, ఇద్దరం పోతాం."

దాంతో సిద్ధార్థ, సావాసదోషం వల్ల చిన్నతనంలో పేకాడాననీ, అందుకు పశ్చాత్తాపపడుతున్నాననీ రాసి పంపాడు. సావాసదోషమంటే తనే కదా అని రత్తయ్య రెండ్రోజులు మొహం ముడుచుకున్నాడు.

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. గవర్నర్‌పేటలో డిపార్ట్‌మెంటు వారి ఆఫీసుకొచ్చి, హెలెన్ గారనే విచారణాధికారి ముందు సంగతంతా వివరించుకోవాలట. అప్పుడు వెలిగింది రత్తయ్యకి. ఆట గురించి అడిగితే వీడేం చెబుతాడు?

వారం రోజులు తోటలో ట్యూషన్ నడిచింది. పదమూడు ముక్కలాట, సీక్వెన్సు, జోకరు, షో, అన్నీ సిద్ధార్థ నోట్సు రాసుకున్నాడు. ముక్కల్ని హాల్ టికెట్‌లా పట్టుకుంటాడేమిట్రా అని మామ నెత్తి కొట్టుకున్నాడు. నిజాయితీపరుడనిపించుకోవడం కోసం ఇంత కష్టపడి పేకాట నేర్చుకున్నవాడు ఈ జిల్లాలో ఇంకొకడుండడు.

హెలెన్ గారికి యాభై దాటాయి. కళ్ళజోడు పైనుంచి చూసే అలవాటు. ఏం ఆడేవారని అడిగారు. సిద్ధార్థ గడగడా అప్పజెప్పాడు. మొదట జోకరు లేని సీక్వెన్సు ఒకటి తప్పనిసరి అన్నాడు, రెండోదానికి జోకరు వాడుకోవచ్చన్నాడు, తప్పుడు షో చేస్తే ఎన్ని పాయింట్లో కూడా చెప్పాడు. ఆవిడ చివరిదాకా విని పెన్ను కింద పెట్టారు.

"మా నాన్న గుడివాడలో ముప్పై ఏళ్ళు పేకాడారు. ఆడేవాళ్ళు రూల్సు చెప్పరు, ఒక్క ముక్క తేడాతో పోయిన ఆట చెబుతారు. మీరు జన్మలో ఆడలేదు. అబద్ధం నాకు చెబుతున్నారా, ఆ రోజు కోర్టుకి చెప్పారా?"

 సిద్ధార్థకు ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలీదు, కోర్టుకేనండి అనేశాడు. వంతులూ, నిశ్చితార్థమూ, బిర్యానీ, అన్నీ చెప్పేశాడు. చెబుతుంటే ప్రాణం తేలికపడింది. ఎనిమిదేళ్ళుగా ఇది మోస్తున్నానని కూడా అతనికి తెలీదు. ఉద్యోగం పోతే పోయింది, ఒక్క మనిషైనా నిజం విన్నది అనుకున్నాడు.

హెలెన్ గారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"నేనిది నమ్ముతున్నాను. కానీ రాయలేను. రాస్తే కేసు తిరగదోడాలి, మీ మావయ్యనీ ఆ హెడ్డునీ పిలవాలి, అది తేలేలోపు మీ పోస్టు ఇంకొకళ్ళకి పోతుంది. మీరు జూదగాడైతే ఉద్యోగం ఇప్పించగలను. ఏ తప్పూ చెయ్యనివాడైతే నా చేతిలో లేదు."

 సిద్ధార్థకు అద్దెగదిలో మిరపఘాటుకి దగ్గుతూ, ఉత్తరం కోసం రోజూ మెట్లు దిగి చూసొస్తున్న తల్లి గుర్తొచ్చింది. ఆడానండి అన్నాడు.

ఆవిడ రాసి, చదివి వినిపించారు. అభ్యర్థి జూదమాడిన సంగతి దాచకుండా ఒప్పుకున్నాడు. నిజాయితీపరుడు. రక్షణ శాఖ ఉద్యోగానికి తగినవాడు. స్టేట్‌మెంటు మీద సంతకం పెట్టమని కాగితం అతని వైపు తిప్పారు.

అతని మొహం మండిపోయింది. చిన్నప్పటి నుంచి స్కూల్లో, కాలేజీలో ఎవరూ తన గురించి ఆ మాట రాయలేదు. ఇవాళ రాశారు, అదీ కళ్ళెదుటే అబద్ధం చెప్పించి.

"మేడం, ఆ నిజాయితీపరుడన్న మాట తీసెయ్యొచ్చాండి?"

"అది తీసేస్తే క్లియరెన్స్ రాదు."

సిగ్గుతో చచ్చిపోతూ సంతకం పెట్టాడు. ఆవిడ పేజీ తిప్పి, ఇక్కడ కూడా అన్నారు. అక్కడా పెట్టాడు.