నాలుగంగుళాల మాట

మాస్టారు ఆ కుట్టుశాలలో బట్ట కత్తిరించే పనికి చేరిన మొదటి వారంలోనే ఆయనకు అడగని సెలవొకటి దొరికింది. ఆయన అడగబోయింది వేరే. "అమ్మా, బ... బ..." అన్నారో లేదో, యజమానురాలు టేపు మెడలో వేసుకుంటూ, "బంధువుల పెళ్లా? దానికింత మొహమాటం ఎందుకు మాస్టారూ, రెండు రోజులు వెళ్లి రండి" అనేసింది. అంత ప్రేమగా ఇచ్చిన సెలవును వద్దనడానికి కూడా మాటలే కావాలి కదా. ఆయన ఇంటికెళ్లి రెండు రోజులు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నారు. పెళ్లెవరిదని భార్య అడిగితే చెప్పడానికి ఆయన దగ్గర పెళ్లికూతురూ లేదు, పెళ్లికొడుకూ లేడు.

అది ఆరేళ్ల కిందటి మాట. ఈ ఆరేళ్లలో ఆయనకు అలా అడక్కుండా వచ్చిపడినవి చాలానే ఉన్నాయి. ఒక కొత్త కత్తెర, మోకాళ్లకు రాసుకునే నూనె, ఒకసారి ఏకంగా కళ్ల పరీక్ష. మాస్టారికి నత్తి. మాట మొదలుపెడితే మొదటి అక్షరం దగ్గరే బండి దిగబడేది. ఆమె ఊరుకునే మనిషి కాదు, వెంటనే ఒక తోపు తోసేది. బండి కదిలేది గానీ ఆయన వెళ్లాలనుకున్న వైపు కాదు.

అయినా ఆయనకు ఆమె మీద కోపం రాలేదు. వచ్చే వీలు ఆమె ఇవ్వలేదు. మెట్ల కింద గదిలో ఒక్క మెషిన్‌తో, తానే కత్తిరించి తానే కుట్టి మొదలుపెట్టిన మనిషి, ఇప్పుడు ఒక పాత గిడ్డంగి పై అంతస్తులో తొమ్మిది మెషిన్లు నడుపుతోంది. మెషిన్ మొరాయిస్తే మెకానిక్ కోసం ఎదురుచూడకుండా నేల మీద పడుకుని కింద నుంచి తానే విప్పేది. ఒకసారి ఓవర్‌లాక్ మెషిన్ మీద అంచులు కుట్టే పిల్ల నలభై చొక్కాలకు కాలర్లు తిరగేసి కుట్టేస్తే, కొన్నవాళ్ల ముందు "తప్పు నాది" అని తలొంచుకుని, ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. అలాంటి మనిషి దగ్గర పనిచేయడం అదృష్టమని మాస్టారు మనసులో ఎన్నోసార్లు అనుకున్నారు. మనసులో ఆయనకు నత్తి లేదు.

చెప్పలేనప్పుడు రాసి ఇవ్వచ్చుగా అని ఎవరికైనా అనిపిస్తుంది. దానికో కథ ఉంది. చిన్నప్పుడు బళ్లో పంతులు ఈయన పాఠం అప్పజెప్పేదాకా ఓపిక పట్టలేక మెడలో పలక వేలాడదీసి, "నీకేం కావాలన్నా ఇందులో రాయి, నోరు తెరవకు" అన్నాడు. ఏడాదంతా ఆ పలకతో తిరిగిన పిల్లాడు, బడి మానేసిన రోజున ఒట్టు పెట్టుకున్నాడు: నోటితో చెప్పాల్సింది ఇంకెప్పుడూ రాసి చెప్పనని. ఆ ఒట్టు మాత్రం మాస్టారు ఏనాడూ తప్పలేదు. కొలతలు తప్ప ఆయన చేత ఎవరూ ఇంకేమీ రాయించలేకపోయారు.

ఇంతలో ఆసుపత్రి పని వచ్చింది. కొత్త వార్డు తెరుస్తున్నారు, రోగులు వేసుకునే దుస్తులు నాలుగు వందల జతలు కావాలి. ఇది బాగా చేస్తే ఇకపై ఆసుపత్రి బట్టలన్నీ వీళ్లకే. పాడుచేస్తే ఇంకెవరూ గడప తొక్కరు. తెల్లటి నూలు బట్ట థాన్లు వచ్చి గోడ పక్కన పేర్చారు. ఆమె స్వయంగా వెళ్లి ఏరి తెచ్చుకున్న బట్ట. మాస్టారు దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి చూశారు. గంజి తప్ప లోపల బిగువు లేదని వేళ్లకు తెలిసింది. ఒక మీటరు ముక్క ఇంటికి తీసుకెళ్లి భార్య చేత అరగంట ఉడకబెట్టించి, ఆరేసి, కొలిచారు. మూడంగుళాలు తగ్గింది.

ఆసుపత్రిలో ప్రతి గుడ్డా మరిగే నీళ్లలోనే ఉతుకుతారు. ఇలాగే కత్తిరించి కుడితే, మొదటి ఉతుక్కే నాలుగు వందల జతలూ పొట్టయిపోతాయి. కత్తెర పడ్డాక బట్టను మళ్లీ అతికించే మొనగాడు ఎక్కడా పుట్టలేదు.

చెప్పాలని మూడు రోజులు ప్రయత్నించారు. మొదటి రోజు ఆయన "గు... గుడ్డ" అని అందుకునేలోపే ఆమె "గుండీలేగా, సాయంత్రానికి వచ్చేస్తాయి" అని సాగిపోయింది. రెండో రోజు ఆయన ముక్క కోసం జేబులో చెయ్యి పెట్టేలోపే మొహం చూసి తలనొప్పి అనుకుని మాత్ర చేతిలో పెట్టింది. మూడో రోజు ఆయన గట్టిగా ఊపిరి పీల్చుకుని థాన్ మీద చెయ్యి వేసి నోరు తెరిస్తే, "రేపు పొద్దున్నే కత్తెర వేస్తామంటారు, అంతేగా? మా మాస్టారంటే మాస్టారే" అని భుజం తట్టింది.

మర్నాడు ఉదయం ఆమె వచ్చింది. మెడలో టేపు లేదు. దాని చోట పలక వేలాడుతోంది.

మాస్టారి చెయ్యి ఆయనకు తెలియకుండానే ఆయన మెడ తడుముకుంది. తర్వాత తెలిసింది. తొమ్మిది మెషిన్ల హోరు మీద ఏళ్ల తరబడి అరిచి అరిచి ఆమె గొంతులో కాయలు కాశాయట. పది రోజులు ఒక్క మాట కూడా మాట్లాడకూడదని, గుసగుస కూడా పనికిరాదని, మాట్లాడితే ఇక కోతేనని డాక్టరు ఖండితంగా చెప్పాడట. కూతురి పాత పలక వెతికి తెచ్చుకుని, కుట్టుపని సుద్దతో రాయడం మొదలుపెట్టింది.

ఆమె నోరు మూతపడటమంటే కుట్టుశాలకు గడియారం ఆగిపోయినట్టే. కానీ ఆమెకు సాయం చేయాలని అందరికీ ఒకటే ఆత్రం. ఆమె పలక మీద "కిటికీ" అని రాసిందో లేదో ఇద్దరు పరుగెత్తి కిటికీలు మూసేశారు. ఆమె రాయబోయింది కిటికీ పక్కనున్న మెషిన్‌కు నూనె వేయమని. మరోసారి సుద్ద ఎత్తగానే ఓవర్‌లాక్ పిల్ల "టీ కావాలేమో అక్కకి" అంది, టీ వచ్చింది. మధ్యాహ్నానికి ఆమె కడుపులో అడగని టీలు నాలుగు చేరాయి. ఐదో కప్పు వచ్చినప్పుడు ఆమె పలకను బల్ల మీద టపీమని కొట్టింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మాస్టారు అది చూశారు. ఆ కోపం ఎలాంటిదో అక్కడ ఆయనకొక్కరికే తెలుసు.

కత్తిరింపు బల్ల మీద బట్ట పొరలు పొరలుగా పరిచి ఉంది. సుద్దతో గీతలు గీయడమూ అయింది. మాస్టారు నడుము వంచి కత్తెర పట్టుకుని పొద్దున్నుంచి అలాగే నిలబడి ఉన్నారు. ఆమె వచ్చి ఎదురుగా నిలబడి రాయసాగింది. మొదటి మాట "ఎందుకు" అని పడగానే ఓవర్‌లాక్ పిల్ల వెనక నుంచి అందుకుంది.

"ఎందుకింత ఆలస్యమని అడుగుతోంది అక్క. త్వరగా కానివ్వండి మాస్టారూ."

మాస్టారు ఆ పిల్లకేసి చెయ్యెత్తి ఆగమన్నారు. ఆమె రాస్తున్నంతసేపూ కదలకుండా చూశారు. ఆమె చెరిపింది, మళ్లీ రాసింది, సుద్ద విరిగితే ఇంకో ముక్క తీసుకుంది. చివరి అక్షరం పడేదాకా ఆయన కళ్లు పలక మీదే ఉన్నాయి. "ఎందుకు మూడు రోజులుగా మీ మొహం అలా ఉంది?" అని ఉంది అక్కడ.

ఆమె పలక కిందికి దించి ఆయనకేసి చూసింది. ఆ రోజంతా తన మాట చివరిదాకా ఆగింది ఈయనొక్కడే. ఆ సంగతి ఆమెకు తట్టడం ఆయన కళ్లారా చూశారు.

"అమ్మా," అన్నారు మాస్టారు. "ఈ గు... గు..."

ఆమె పెదవులు కదిలాయి. తోయడానికి అలవాటు పడ్డ మనిషి, చెయ్యి ముందుకు రానే వచ్చింది. ఆ చేత్తో బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. వేళ్లు తెల్లబడేలా పట్టుకుని ఆగింది. మెషిన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఈ గుడ్డ ఉ... ఉతికితే... మీటరుకి మూ... మూడంగుళాలు పోతుంది."

అంతే. ఆరేళ్లలో ఆమె ముందు ఆయన పూర్తి చేసిన మొదటి వాక్యం. జేబులోంచి ఉడకబెట్టిన ముక్క తీసి బల్ల మీద పరిచారు. ఆమె కొలిచింది. మళ్లీ కొలిచింది. పలక తీసుకుని "మూడు రోజులూ ఇదే చెప్పబోయారా?" అని రాసింది. ఆయన తలూపారు. ఆమె పలక తుడిచి, పెద్ద అక్షరాలతో రాసి, తొమ్మిది మెషిన్ల వైపూ తిప్పి చూపించింది. "కత్తెర వద్దు. అంతా ముందు ఉడకబెట్టి ఆరేద్దాం. తప్పు నాది."

ఉడకబెట్టి ఆరేయాలంటే ఐదు రోజులు ఎక్కువ పడుతుంది. ఆ ఐదు రోజులు ఆసుపత్రిలో అడగాలి. ఎవరు అడుగుతారు?

"నేనడుగుతానక్కా. గడగడా చెప్పేస్తా," అంది ఓవర్‌లాక్ పిల్ల.

ఆమె తల అడ్డంగా ఊపి మాస్టారి వైపు వేలు చూపించింది. "నా... నా వల్ల..." అన్నారు మాస్టారు. కాదు అనే మాట వచ్చేదాకా ఆమె ఓపిగ్గా ఆగి, అప్పుడు రాసింది. "బట్ట సంగతి మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నేను పక్కనే ఉంటాను."

ఆసుపత్రి సామాన్ల గది అధికారి చేతిలో ఫోను, చెవి దగ్గర ఇంకో ఫోను. మాస్టారు "అయ్యా, ఈ గు..." అనగానే, "ఆలస్యమవుతుందనేగా? కుదరదు. వేరేవాళ్లకి ఇచ్చేస్తాం," అన్నాడు. చిన్నప్పటి బడి, పంతులు, పిల్లల నవ్వులు అన్నీ ఒక్కసారి మాస్టారి కళ్ల ముందు తిరిగాయి. వెనక్కి తిరిగి మెట్లు దిగిపోదామనిపించింది.

ఆమె పలక ఎత్తి పట్టుకుంది. మెట్లెక్కుతూనే రాసుకుని సిద్ధంగా పెట్టుకుంది కాబోలు. "ఆయన ఇంకా చెబుతున్నారు. దయచేసి పూర్తిగా వినండి."

ఆ పలకను ఆమె దించలేదు. అతను ఒక ఫోను కింద పెట్టేదాకా దించలేదు, రెండోది పెట్టేదాకా కూడా దించలేదు. అప్పుడు మాస్టారు చెప్పారు. ఎంత సమయం పట్టిందో అంత పట్టింది. ముక్క చూపించారు. మొదటి వంద జతలు చెప్పిన రోజుకే ఇస్తామని, మిగతావి ఐదు రోజుల తర్వాత ఇస్తామని, అవి ఎన్నిసార్లు ఉడకబెట్టినా కొలత మారదని చెప్పారు. ఆ వంద జతల లెక్క ఆమె కూడా అనుకోలేదు. ఆయనే, అక్కడికక్కడ, సొంతంగా ఇచ్చిన మాట. ఆమె కళ్లు పెద్దవి చేసి చూసింది గానీ పలక ముట్టుకోలేదు.

అధికారి ఆ ముక్కను అటూ ఇటూ తిప్పాడు. "పోయినేడు కుట్టించినవన్నీ పొట్టయిపోయి మూలన పడున్నాయి. ఎందుకో మాకెవరూ చెప్పలేదు," అన్నాడు. "సరే. మొదటి వంద ఆ రోజుకి రాకపోతే మాత్రం మిగతావి తీసుకోను."

వచ్చాయి. గిడ్డంగి డాబా మీద తెల్లటి బట్ట ఆరని రోజు లేదు. ఆమె చీర కుచ్చిళ్లు ఎగదోపి, మోచేతుల దాకా మరుగు నీళ్ల ఆవిరిలో ఉండి, థాన్లు తిప్పింది. వంద జతలు చెప్పిన రోజుకు ఒక పూట ముందే వెళ్లాయి.

పదకొండో రోజు ఆమెకు గొంతు వచ్చింది. మొదటి మాట ఏమంటుందోనని అందరూ చెవులు రిక్కించారు. ఆమె నేరుగా కత్తిరింపు బల్ల దగ్గరకు వెళ్లింది. గొంతు బొంగురుగా ఉంది.

"మాస్టారూ, మీరు చేరిన కొత్తలో పెళ్లికని రెండు రోజులు సెలవిచ్చాను గుర్తుందా? ఎవరి పెళ్లి అది?"

"ఎ... ఎవరిదీ కాదమ్మా."

"నాకూ అదే అనుమానం వచ్చింది. మరి ఆ రోజు ఏం అడగబోయారు?"

అని ఊరుకోలేదు. గుండుసూదులు రెండు తీసి పెదవుల మధ్య పెట్టుకుంది. కుట్టుపని చేసేవాళ్లందరికీ ఉన్న అలవాటే. సూదులు నోట్లో ఉంటే ఎంతటి వాగుడుకాయైనా మాట్లాడలేదు. అలా నిలబడి ఎదురుచూసింది.

"బ... బ... బల్ల," అన్నారు మాస్టారు. "నా... నాలుగంగుళాలు ఎత్తు చే... చేయిస్తే, న... నడుము లాగదని."

ఆమె బల్లకేసి చూసింది. తానొక్కతే కత్తిరించుకునే రోజుల్లో తన ఎత్తుకు చేయించుకున్న బల్ల. ఆమె పొట్టి మనిషి. మాస్టారు ఆమెకన్నా జానెడు పొడుగు. ఆరేళ్లు ఆయన ఆ బల్ల మీద వంగి ఉన్నారు, ఆమె ఆయనకు మోకాళ్ల నూనె కొనిచ్చింది. సూదులు తీసి వాటి చిన్న దిండుకు గుచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని, టేపుతో బల్ల కాళ్లు నాలుగూ కొలిచింది.

మర్నాడు పొద్దున మాస్టారు వచ్చేసరికి బల్ల కాళ్ల కింద కొత్త చెక్క దిమ్మలు బిగించి ఉన్నాయి. ఆయన కత్తెర తీసుకుని నిలబడ్డారు. నడుము నిటారుగా ఉంది. అక్కడి నుంచి తొమ్మిది మెషిన్లూ, వాటి వెనక కిటికీ కూడా కనిపిస్తున్నాయని ఆయనకు అప్పుడే తెలిసింది. కాసేపటికి ఆమె సుద్ద పట్టుకుని గీత గీయడానికి వచ్చింది. చెయ్యి చాపితే బల్ల మధ్యకు అందలేదు. మూలనున్న పీటను కాలితో లాక్కుని, దానిమీదకెక్కి, గీయడం మొదలుపెట్టింది.