గేజుకు కట్టిన గుమ్మడికాయ

కోడుమూరు దగ్గర ఎండిపోయిన వంక మీద కొత్త రైలు వంతెన లేచింది. కట్టించింది శ్రీకాంత్. కడప కాలేజీలో తోటి విద్యార్థి వీరభద్ర దగ్గర లెక్కలు చెప్పించుకుని పాసైనవాడు. ఈ వంతెన కట్టే పని తనకే వస్తుందని వీరభద్ర ఊరంతా చెప్పుకున్నాడు. చివరికి తన వంతుకు వచ్చింది వంతెన గర్డరు కింద నిలబడి, దాని వంపు కొలిచే గేజు చూడటం.

పైన కంకర నింపిన వ్యాగన్లతో ఇంజను బరువు పరీక్షకు సిద్ధంగా ఉంది. ఇంజనుకు బంతిపూల దండ. శ్రీకాంత్‌కూ ఒకటి.

"ఏమప్పా వీరభద్రా, కింద సల్లగా ఉండాదా?" పైనుంచి తొంగిచూశాడు శ్రీకాంత్.

"ఉండాది లేప్పా. నీవు దండ నలగకుండా సూసుకో."

బండి వంతెన మీదికొచ్చి ఆగింది. బరువుకు గర్డరు వంగింది, ఆ మేరకు గేజులో ముల్లు తిరిగింది. వంగడం తప్పు కాదు. బండి దిగిపోయాక ముల్లు సున్నాకు రావాలి. రాకుంటే వంతెన తప్పినట్టే.

రాకూడదు, అనుకున్నాడు వీరభద్ర.

బండి దిగిపోయింది. ముల్లు వెనక్కి తిరిగి, సున్నాకు ఇవతలే ఆగిపోయింది. వీరభద్ర ఒళ్లంతా తేలికైంది. ఫోను తీశాడు. అప్పుడు కనబడింది. గేజును గర్డరుకు బిగించిన ఇనుప పట్టీకి అవతలివైపు బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది. బండి అదురుకు, కాయ బరువుకు పట్టీ జారింది.

"ఎవురు కట్టింది ఇది?"

"నేనే సార్," అంది కూలీల మేస్త్రి నాగక్క. "శ్రీకాంత్ సార్ శానా కష్టపడినాడు. పాడు కండ్లు పడకూడదని కట్టినా. మా చేతులతో పోసిన కాంక్రీటు సార్, బాగుండాది కదా?"

వీరభద్ర ఆమె ముఖం చూడలేకపోయాడు. ముల్లు రాలేదని ఒక్క మాటంటే చాలు. రేపు నిజం తేలినా తేలనీ, ఇవాళ్టికి శ్రీకాంత్ ఆ దండ తీసి పక్కన పెట్టి పోతాడు. ఆ ఒక్కరోజు తనకు చాలు.

నాగక్క ఇంకా జవాబు కోసం చూస్తోంది.

కాయ విప్పి, పట్టీ బిగించి, ముల్లును సున్నాకు తెచ్చి శ్రీకాంత్‌కు ఫోను చేశాడు.

"బండి ఇంకోసారి తోలించప్పా. గేజు జారింది."

"నీవే కదా బిగించింది?" ఫోనులో శ్రీకాంత్ వెనక ఎవరో నవ్వుతున్నారు.

వీరభద్ర నాగక్క వైపు చూశాడు. "ఊ, నేనే."

కాయను పొట్టకు ఆనించుకుని నిలబడ్డాడు. ఈసారి ముల్లు పోయింది, వచ్చింది, సున్నా మీద కూర్చుంది. పైన ఈలలు, చప్పట్లు, శ్రీకాంత్ పేరు.

"ఇట్లియ్యి సార్. శ్రీకాంత్ సార్‌కు దిష్టి తీసి పగలగొడతా."

వీరభద్ర చేతులు వదల్లేదు. ఆమె గట్టిగా లాక్కోవాల్సి వచ్చింది.