అర చుట్టు

వరద నీళ్ళు మా బైకుల రిపేరు షెడ్డు షట్టరు సగం దాకా ఎక్కి దిగిన రెండేళ్ళకు జరిగింది ఇది. షెడ్డు అప్పటికే మా అల్లుడి చేతికి వచ్చేసింది. నేను మూల పీట మీద కూర్చుని చైన్లు, బ్రేకులు చూసేవాణ్ణి. పాత కార్బ్యురేటర్ బండ్లు నావి, పెట్రోలు కంప్యూటరు పోసే కొత్త బండ్లు అతనివి. ఆ పంపకం ఎవరూ చెయ్యలేదు, అలా జరిగిపోయింది.

నా మనవరాలికి ఒక సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ బైకు ఉంది. బైకు నడపడం నేర్పే స్కూల్లో టీచరు ఉద్యోగానికి పరీక్ష పెట్టారు, ఎవరి బండి వాళ్ళే తెచ్చుకోవాలన్నారు. అక్కడ చూసేది వేగం కాదు. నేల మీద ఎనిమిది అంకెలా గీసిన సన్నని దారిలో, కాలు కింద పెట్టకుండా, మనిషి నడిచేంత నెమ్మదిగా తిప్పాలి. ఆ పిల్ల ఏడాదిగా దానికోసమే సాధన చేస్తోంది.

పరీక్షకు రెండు వారాలుందనగా బండి మొండికేసింది. యాక్సిలరేటర్ రవ్వంత తిప్పితే ఉలకదు పలకదు. ఇంకాస్త తిప్పితే వెనకనుంచి ఎవరో తన్నినట్టు ముందుకు దూకుతుంది. రోడ్డెక్కి జోరుగా పోతే ఏ గొడవా లేదు. నెమ్మదిగా మలుపు తిప్పితేనే ఆ కుదుపు. రెండుసార్లు పడింది. మోచెయ్యి గీరుకుపోయింది.

"బండికేం కాలేదు. నీ చెయ్యే దురుసు. తడిబట్ట పిండినట్టు పిండుతున్నావు దాన్ని" అన్నాడు వాళ్ళ నాన్న.

"నువ్వు నడిపి చూడు నాన్నా."

అల్లుడు ఒక రౌండు కొట్టి వచ్చాడు. "బానే ఉందిగా."

"సందు చివరిదాకా తిన్నగా పోయి తిన్నగా వచ్చావు. అలాగైతే మా అమ్మ కూడా నడుపుతుంది."

"మధ్యలో నన్నెందుకు లాగుతారు?" అంది మా అమ్మాయి వంటింట్లోంచి. మా ఇల్లు షెడ్డు వెనకే.

అలా అన్నాడే గానీ అల్లుడు ఊరుకోలేదు. ప్లగ్గులు మార్చాడు. ఫిల్టరు మార్చాడు. ఇంజెక్టర్లు కడిగాడు, గాలి వెళ్ళే దారిలో పట్టిన మసి తుడిచాడు. పెట్రోలు పంపు ఒత్తిడి చూశాడు, సరిగ్గానే ఉంది. కుదుపు మాత్రం పోలేదు. ఆ పిల్ల మాట తగ్గింది. తన చేతిని తనే ఎవరిదో అన్నట్టు చూసుకునేది.

పరీక్షకు ముందురోజు మధ్యాహ్నం అల్లుడు మళ్ళీ ట్యాంకు ఎత్తాడు. నేను లైటు పట్టుకున్నాను. వేలు లోపలికి పెట్టి ఆగాడు.

"ఇక్కడ చూడండి మామయ్యా. ఈ స్క్రూ మీద కంపెనీవాళ్ళ పసుపు రంగు పగిలింది. దీన్ని తిప్పకూడదని గుర్తుగా వేస్తారు. పాత ఓనరు కెలికినట్టున్నాడు."

లైటు అతని చేతికిచ్చి ఇంటివైపు నడిచాను.

కెలికింది నేనే. అంతకు రెండు వారాల ముందు చైను బిగించమని ఆ పిల్ల బండి నా దగ్గర వదిలి వెళ్ళింది. నిలబెట్టి స్టార్ట్ చేస్తే ఇంజను మరీ తక్కువగా తిరుగుతోంది, ఆగిపోయేలా ఉంది. నలభై ఏళ్ళుగా అలాంటప్పుడు నా చెయ్యి నన్నడగదు. స్క్రూడ్రైవరు అందుకుని అర చుట్టు తిప్పింది. ఇంజను హాయిగా అందుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత పనని కూడా అనుకోలేదు.

ఇంటి తలుపు దగ్గర నిలబడిపోయాను. లోపల మనవరాలు వాళ్ళమ్మతో చెబుతోంది. "ఫోన్ చేసి రానని చెప్పేస్తానమ్మా. నాన్న అన్నీ మార్చాడు. ఇంక మిగిలింది నా చెయ్యేగా. సరిగ్గా నడపలేనిదాన్ని ఇంకొకళ్ళకేం నేర్పుతాను?"

నాకు మాటలు తొందరగా రావు. అయినా లోపలికి వెళ్ళాను.

"నీ చెయ్యి కాదమ్మా. నాది. ఆ స్క్రూ నేను తిప్పాను. చైను బిగించిన రోజున. అర చుట్టు."

అల్లుడు గుమ్మంలోకి వచ్చాడు.

"రెండు వారాలుగా దాని పేగులు లెక్కపెడుతున్నాను మామయ్యా."

"తెలీలేదు. ఇప్పుడే తెలిసింది."

"మా నాన్న ఒక్కరోజులో ఇన్ని మాటలాడటం నా పెళ్ళిలో కూడా చూళ్ళేదు" అంది మా అమ్మాయి. ఆ పిల్ల నవ్వింది, ముక్కు తుడుచుకుంటూనే.

అల్లుడు నాకు విడమరచి చెప్పాడు. స్క్రూ తిప్పితే ఇంజనులోకి గాలి వదిలే తలుపు కొంచెం తెరుచుకుంటుంది. పాత బండికి అంతటితో సరి. దీనికి తలుపు పక్కన, అది ఎంత తెరుచుకుందో చెప్పే సెన్సారు ఒకటి ఉంది. అది చెప్పినంతే కంప్యూటరు పెట్రోలు పోస్తుంది. మనం యాక్సిలరేటర్ మీంచి చెయ్యి తీసేసినా తలుపు తెరిచే ఉందని అది చెబుతోంది. అందుకే చెయ్యి కదిపిన మొదటి క్షణంలో పెట్రోలు లెక్క తప్పుతోంది.

పగిలిన రంగు రెండు ముక్కలుగా ఉంది, ఒకటి స్క్రూ మీద, ఒకటి పక్కన. "మీరే తిప్పండి" అన్నాడు. రెండు ముక్కలూ కలిసేదాకా వెనక్కి తిప్పాను. అల్లుడు మీటరు పెట్టి చూశాడు. సెన్సారు అంకె కంపెనీ పుస్తకంలో ఉన్నదానికి సరిపోయింది. మసి పోయింది కాబట్టి ఇంజను ఇప్పుడు నా సాయం లేకుండానే నిలబడి తిరిగింది.

సందులో ఖాళీ డబ్బాలు పెట్టాం. ఆ పిల్ల ఎనిమిది అంకె తిప్పింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. బండి దూకలేదు. కాలు కింద పెట్టలేదు. అయినా దిగాక, "రేపక్కడ కూడా ఇలాగే పోతుందంటావా తాతయ్యా?" అంది. బండి గురించి కాదు ఆ ప్రశ్న.

మర్నాడు పొద్దున ఆ పిల్ల బండి బయటికి తీసేసరికి నేను హెల్మెట్ పెట్టుకుని నిలబడ్డాను. ఇన్నేళ్ళలో నేను ఏ బండి మీదా ఒకరి వెనక కూర్చోలేదు. నాకు నా చెయ్యి మీద తప్ప ఇంకొకరి చెయ్యి మీద నమ్మకం లేదు. ఆ స్పోర్ట్స్ బైకు వెనక సీటు పిల్లి పడుకోవడానికి చాలనిది. అల్లుడు నడుం పట్టి ఎక్కించాడు.

"పడిపోతావు, గట్టిగా పట్టుకో తాతయ్యా."

"నువ్వు పోనీ" అన్నాను.

సందు మలుపులో బండి నెమ్మదిగా, కుదుపు లేకుండా తిరిగింది.